ఎక్కడిది కాగితం

పెన్సిల్ మాస్టారికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ, పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లుండేవి. ఒకటి రాయడానికి, రెండోది కొట్టేయడానికి అని పిల్లలు చెప్పుకునేవారు. నిజానికి రెండూ కొట్టేయడానికే. యూనివర్సిటీలో సినిమా రచన నేర్పే కోర్సుకి ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయనే పెద్ద దిక్కు. ఆ ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన కొట్టేసిన సీన్లన్నీ ఏరి అతికిస్తే ఎవరూ చూడలేని సినిమాలు ఓ నలభై తయారయ్యేవి.

అసలు ఆ ఉద్యోగానికి ఆయన వెళ్లింది మూడు నెలల కోసం. అంతకు ముందు ఒక సినిమా ఆఫీసులో టైపిస్టు. రచయితలు చేత్తో గిలికిన సీన్లను ఆరు కాపీలు టైపు కొట్టడం పని. కొడుతూ కొడుతూ ఏ మాట అక్కర్లేదో ఆయన వేళ్లకి తెలిసిపోయింది. ఒకరోజు ఉండబట్టలేక, పేరు మోసిన రచయిత రాసిన నాలుగు లైన్లు టైపు కొట్టకుండా వదిలేశాడు. షూటింగులో ఎవరూ కనిపెట్టలేదు, ఆ రచయితతో సహా. ఆ ధైర్యంతోనే టైపు మిషన్‌కి దండం పెట్టి అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరాడు. ఏడేళ్లు అందరి కేకలూ తిని, ముప్పయ్యో ఏట సొంతంగా ఒక సినిమా తీశాడు.

సినిమా వారం ఆడింది. బావమరిది రెండుసార్లు చూశాడు, మొదటిసారి నిద్రపోయాడు కాబట్టి. ఒక పత్రికలో ‘మాటలు బాగా పొదుపు’ అని రాశారు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో తేల్చుకోలేక మాస్టారు ఆ ముక్క కత్తిరించి చాలాకాలం దాచుకున్నాడు. తర్వాత ఏ నిర్మాతా కబురు పెట్టలేదు. అప్పుడే యూనివర్సిటీ వాళ్లు కొత్త కోర్సు మొదలుపెట్టి, సరైన మనిషి దొరికేదాకా మూడు నెలలు నెట్టుకురండి అన్నారు. సరైన మనిషి ఇప్పటికీ దొరకలేదని ఆయన ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో చెప్పేవాడు. పిల్లలు నవ్వాలో వద్దో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

క్లాసు రెండో అంతస్తులో, కెమిస్ట్రీ వాళ్ల స్టోర్ రూమ్‌కి సరిగ్గా పైన. కిటికీ తీస్తే ఆసిడ్ వాసన, మూస్తే ఉక్క. ఆ గదిలో ఆయన పెట్టిన పద్ధతులు రెండు. మొదటిది, ఎవరు రాసింది వాళ్లు చదవకూడదు. ఇంకొకరు చదువుతుంటే రాసినవాళ్లు చివరి బెంచీలో నోరు కుట్టేసుకుని కూర్చోవాలి. ‘అక్కడ నా ఉద్దేశం ఏంటంటే’ అని లేచారో, ఆయన తలుపు వైపు చూపించేవాడు. ప్రేక్షకుడి పక్కన కూర్చుని నీ ఉద్దేశం చెవిలో ఊదడానికి నువ్వు ప్రతి థియేటరుకీ వెళ్తావా అనేవాడు.

రెండోది ఎక్కడిది కాగితం. ఏ స్క్రిప్టు ఇచ్చినా చివర ఒక విడి కాగితం గుచ్చాలి. దాని మీద సీన్ల అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఆ సీను ఎక్కడిదో రాయాలి. బస్సులో చూశాను, మా మేనత్త చెప్పింది, ఫలానా సినిమాలోంచి ఎత్తేశాను, ఇలా ఏదైనా సరే, నిజం రాయాలి. ఒకడు ‘కలలో వచ్చింది’ అని రాస్తే, కలకి ముందు రోజు ఏం చేశావో అది రాసుకురా అని తిప్పి పంపాడు. ఇంకొకడు తన హాస్యం సీను మొత్తం వేరే సినిమా నుంచి దించేశానని ఒప్పుకుంటే రెండు మార్కులు ఎక్కువే వేశాడు. కలపడం తప్పు కాదురా, ఎక్కడ కలిసిందో తెలియకపోవడం తప్పు అనేవాడు. పిల్లలు ఆ కాగితాన్ని తిట్టుకుంటూనే రాసేవారు.

ఆయన మాత్రం తన సినిమాకి అలాంటి కాగితం ఎప్పుడూ రాయలేదు. అడిగేవాళ్లు లేరు మరి.

రెండో సినిమా ఎప్పుడు మాస్టారూ అని జనం మొదటి పదేళ్లు అడిగారు. తర్వాత అడగడం మానేశారు. అడిగినన్నాళ్లూ విసుక్కున్న మనిషికి, మానేశాక మనసు చివుక్కుమంది. యాభై తొమ్మిదో ఏట, ఇక ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ కాదని కూర్చున్నాడు.

కథ ఆయన వదిన నుంచి పుట్టింది. ఆవిడ ఇరవై రెండేళ్లు రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని, ఏ బండి ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన మనిషి. ఇంట్లో పిల్లల్ని భోజనానికి పిలిచినా అదే గొంతుతో మూడుసార్లు పిలిచేది. అలాంటి మనిషికి గొంతు పోతే? అదీ సినిమా. గొంతుకి ఆపరేషన్ అయిన ఒక అనౌన్సరు, హాస్టల్లో ఉండి చదువుకునే ఆమె కూతురు. మూడు వేసవి సెలవుల్లో, బళ్లు ఆగడం మానేసిన ఒక చిన్న స్టేషన్‌లో తీశారు. కెమెరా దగ్గర్నుంచి టీ ఫ్లాస్కు దాకా మోసినవాళ్లంతా పాత విద్యార్థులే. ఎడిటింగ్ చేసింది కూడా పాత విద్యార్థే. క్లాసులో ఉన్నప్పటి నుంచీ వాణ్ని అందరూ కత్తెర అనే పిలుస్తారు.

ఆ సినిమాకి ప్రాణం ఫోన్ సీను. కూతురు ఆదివారం హాస్టల్ వరండాలో ఉన్న ఫోన్ నుంచి తల్లికి చేస్తుంది. తల్లి మాట్లాడలేదు. చేతిలో చెంచా పట్టుకుని రిసీవర్ మీద కొడుతుంది. ఒక దెబ్బ అంటే అవును, రెండంటే కాదు. కూతురు మెస్సు గురించి, పరీక్షల గురించి, కొత్త చెప్పుల గురించి వాగుతూనే ఉంటుంది. చివరికి “పెట్టెయ్యనా అమ్మా?” అంటుంది. రెండు దెబ్బలు. ఇంకాస్త మాట్లాడి, “ఇక పెట్టెయ్యనా?” అంటుంది. మళ్లీ రెండు. మూడోసారి అడిగినప్పుడు తల్లి కాసేపు ఆగి ఒకే దెబ్బ కొడుతుంది. కూతురు ఫోన్ పెట్టేస్తుంది.

ఎడిటింగ్ గదిలో ఆ సీను చూసి కత్తెర మొహం కడుక్కు రావడానికి లేచి వెళ్లాడు. ఒక చిత్రోత్సవం వాళ్లు సినిమాని ఎంపిక చేసి, ఆ సీను ఎలా పుట్టిందో గంటసేపు ఉపన్యాసం ఇవ్వాలని ఉత్తరం రాశారు. మాస్టారు ఆ ఉత్తరాన్ని రోజుకోసారి చదువుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు మాటలు కొట్టేస్తూ బతికిన మనిషికి, నువ్వు రాసింది బాగుందని అనిపించుకోవాలన్న ఆకలి అంత ఉందని ఆయనకే తెలియలేదు.

ఆ నెలాఖరుకి ఆయన రిటైర్మెంటు. డిపార్ట్‌మెంటు కొత్త భవనంలోకి మారుతోంది కాబట్టి గది ఖాళీ చేయాలి. బీరువాల నిండా ముప్పై ఏళ్ల స్క్రిప్టులు. ఏవి ఉంచాలో ఏవి పారేయాలో ఆయనకి వదిలేస్తే ఇంకో ముప్పై ఏళ్లు పడుతుందని, ఆయన భార్య తనే వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. చేతులు చకచకా కదులుతాయి, మాట నింపాదిగా వస్తుంది.

“ఏమండీ, మీ సినిమా కాగితాలు ఈ పాత కట్టలో కలిసిపోయాయి చూడండి,” అంది.

“నా సినిమావి అక్కడెందుకుంటాయి?”

“ఇదిగో, ఫోన్ సీను. చెంచా కూడా ఉంది.”

మాస్టారు కళ్లజోడు సర్దుకుంటూ వచ్చి కాగితం అందుకున్నాడు. అంచులు పసుపెక్కిన కాగితం. ఆయనది కాదు. పైన ఒక అమ్మాయి పేరు, పంతొమ్మిదేళ్ల కిందటి సంవత్సరం. ఆరో సీను. హాస్టల్ ఫోన్, మాట పోయిన తల్లి, చెంచా, ఒకటంటే అవును, రెండంటే కాదు, పెట్టెయ్యనా అమ్మా. ఆ సీను మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక పెన్సిల్ గీత. పక్కన ఆయన దస్తూరీయే, గుండ్రంగా, తొందర లేకుండా: ‘ఇందులో ఏమీ జరగడం లేదు. తీసెయ్.’

చివర గుచ్చిన ఎక్కడిది కాగితం తిప్పి చూశాడు. మిగతా సీన్లకి ఆ అమ్మాయి రెండేసి లైన్లు రాసింది. ఆరో అంకె పక్కన రెండే మాటలున్నాయి: ‘మా అమ్మ.’

ఆయన అట్టపెట్టె మీద కూలబడ్డాడు. ఆ సీను రాసిన పొద్దు ఆయనకి బాగా గుర్తుంది. పెరటి మెట్టు మీద కూర్చుని గంటలో రాసేశాడు, ఒక్క మాట కూడా కొట్టేయలేదు. ఇంత సులువుగా ఎలా వచ్చిందా అని ఆ రోజు మురిసిపోయాడు కూడా.

“అయితే నేను దొంగనా?” అన్నాడు.

ఆవిడ ఆ కాగితం తీసుకుని మళ్లీ మొదటి నుంచి చదివింది. ఒకరి రిపోర్టు వాళ్ల చేతికిచ్చే ముందు ఇంకోసారి చూసుకునే అలవాటు ఆవిడది. “దొంగ అయితే గుర్తుండేది. మీకు గుర్తే లేదు,” అంది. తర్వాత, “ఇప్పుడు తెలిసింది కదా. ఇక మీదట అట్టిపెట్టుకుంటే మాత్రం దొంగతనమే,” అంది. అని ఇంకో కట్ట విప్పింది.

మూడు రోజులు ఆ కాగితం ఆయన సంచీలోనే ఉంది. ఆ మూడు రోజులూ ఆయన తనతో తను వేసుకున్న వాదనలు ఏ విద్యార్థి అయినా వేసి ఉంటే తలుపు వైపు చూపించేవాడు. ఆ పిల్ల ఎక్కడుందో ఏమో. ఆమెకి మాత్రం గుర్తుంటుందా? కొట్టేసిన సీను ఎవరిదని? తల్లి అనౌన్సరు కావడం నాది, స్టేషన్ నాది, మూడోసారి ఒకే దెబ్బ కొట్టడం నాది. అన్నీ ఆలోచించి, చివరికి ఒక తెల్లకాగితం తీసి తన సినిమాకి ఎక్కడిది కాగితం రాయడం మొదలుపెట్టాడు. ఒకటి, వదిన. రెండు, వదిన. మూడు, నేను టైపిస్టుగా ఉన్నప్పటి ఆఫీసు. పదిహేడో అంకె, అంటే ఫోన్ సీను దగ్గర చేయి ఆగిపోయింది. ఆ సీను పోతే సినిమాలో ఏం మిగులుతుందో ఆయనకి తెలుసు. ఇంకో సినిమా తీసే వయసు, ఓపిక తనకి లేవనీ తెలుసు.

నాలుగో రోజు పొద్దున కత్తెరకి ఫోన్ చేసి ఆ అమ్మాయి ఎక్కడుందో కనుక్కోమన్నాడు. గంటలో జవాబు వచ్చింది. సిటీ బస్సుల డిపోలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తోందట.

డిపో ఆఫీసు గదిలో గోడంతా ఒకటే చార్టు. బస్సుల నంబర్లు, డ్రైవర్ల నంబర్లు, షిఫ్టులు, రంగురంగుల పిన్నులు. దాని ముందు యూనిఫాంలో ఉన్నావిడ వెనక్కి తిరిగి చూసి, ఒక్క క్షణంలో గుర్తుపట్టింది.

“మాస్టారూ, మీరా? బస్సులో ఏమైనా మర్చిపోయారా?”

“మర్చిపోయిన మాట నిజమేనమ్మా. బస్సులో కాదు,” అని ఆయన ఆ కాగితం ఆమె చేతికిచ్చాడు.

ఆమె నిలబడే చదివింది. పెన్సిల్ రాత దగ్గర చిన్నగా నవ్వింది. మాస్టారు జరిగిందంతా చెప్పాడు. పెరటి మెట్టు, గంటలో రాసేయడం, చిత్రోత్సవం ఉత్తరం, భార్యకి కాగితం దొరకడం, ఏదీ దాచలేదు. మధ్యలో ఒక డ్రైవరు వచ్చి, మామగారికి ఒంట్లో బాగాలేదు, సెలవు కావాలన్నాడు.

“పోయిన నెల కూడా ఆయనకే కదా బాగాలేదు?” అందామె.

“ఆయన కాదు మేడం, ఈయన చిన్న మామగారు.”

“చిన్నాయన ఏ ఆసుపత్రిలో ఉన్నాడు? ఎవరు చేర్పించారు?” డ్రైవరు నీళ్లు నమిలాడు. ఆమె సగం పూట సెలవు రాసి పంపించి మాస్టారి వైపు తిరిగింది. “రోజుకి యాభై కథలు వింటాను మాస్టారూ. ఎక్కడిది అని అడగడం మాత్రం మీ దగ్గర నేర్చుకున్నదే.”

మాస్టారు నవ్వలేకపోయాడు. “నా వల్లే రాయడం మానేశావా?” అని అడిగాడు. ఆ మాట అడగడానికే దారంతా ధైర్యం కూడగట్టుకుంటూ వచ్చాడు.

“మీరంత గొప్పవారేం కాదు లెండి, ఒక్క గీతతో నా జీవితం మార్చేయడానికి,” అందామె. “ఉద్యోగం వచ్చింది, చేరాను. ఈ పని నాకు ఇష్టం. కానీ ఆ సీను కొట్టేసినందుకు మాత్రం ఓ ఏడాది మీ మీద కోపంగానే ఉన్నాను.”

“ఆ సీను తీసేస్తానమ్మా. నీది నీకే ఉంటుంది.”

“ముందు చూపించండి,” అంది.

పక్కనే డ్రైవర్లు కూర్చునే గదిలో, టీ గ్లాసులు పక్కకి జరిపి, ఆయన తెచ్చిన లాప్‌టాప్ బల్ల మీద పెట్టారు. బయట బస్సులు స్టార్ట్ అవుతున్నాయి. ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ముందుకి వంగి చూసింది. సీను నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ మాస్టారు చివరి బెంచీలో కూర్చున్న విద్యార్థిలా నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆమె మొహంలో ఏమీ కదలలేదు. అయిపోయాక ఇయర్‌ఫోన్లు తీసి వైర్లు నెమ్మదిగా చుట్టింది.

“మూడోసారి ఒకే దెబ్బ ఎందుకు కొట్టింది?”

“సీను ముగియాలి కదమ్మా. తల్లి సరే అంటుంది, పిల్ల పెట్టేస్తుంది. చూసేవాళ్లకి ఊపిరాడుతుంది.”

“అది నేను రాయలేదు.”

“లేదు. అది నేను కలిపింది.”

“అది తీసెయ్యండి.”

ఆ మాట ఆయన వేలసార్లు అన్నాడు. ఆయనతో ఎవరైనా అనడం అదే మొదలు. ఎందుకని అడిగాడు. అక్కడ అలా లేదు మాస్టారూ, అని మాత్రం అని ఊరుకుంది.

“మరి మిగతాది?”

“మిగతాది ఉంచండి. ఒకసారి తీసేశారు, చాలు. రాసింది నేను కాబట్టి నా పేరు వెయ్యండి. ఎక్కడో చివర సన్నగా వేసి దాచొద్దు. మీ పేరు ఎంతుంటే అంత.”

మాస్టారు తలూపాడు. గుండెల మీంచి బరువు దిగింది కానీ, ఆ దిగిన చోట ఏదో వెలితిగా ఉంది. ఇది నా ఒక్కడిదే అని చెప్పుకోగలిగిన సినిమా ఇక ఆయనకి లేదు. ఆమె ఆయనకి టీ తెప్పించింది. తాగేదాకా కదలనివ్వలేదు.

కత్తెర ఒప్పుకోలేదు. “మూడోసారి తీసేస్తే సీను గాల్లో ఉండిపోతుంది మాస్టారూ. టక్కున స్టేషన్ వస్తుంది, అతుకు కనిపిస్తుంది.”

“కనిపించనీరా.”

“ఇన్నేళ్లూ సీనుకి ముగింపు ఉండాలని మా ప్రాణం తీసింది మీరే.”

“తీశాను. ఇప్పుడు ఇది తియ్యి.” కత్తెర గొణుక్కుంటూ ముప్పై ఎనిమిది సెకన్లు తీసేశాడు. రచన అన్న చోట రెండు పేర్లు పడ్డాయి, ఒకే సైజులో. మాస్టారు చిత్రోత్సవానికి ఉత్తరం రాశాడు: ఆ సీను పంతొమ్మిదేళ్ల కిందట నా విద్యార్థిని రాసింది, నేను అప్పుడు కొట్టేసి తర్వాత తెలియకుండా వాడుకున్నాను, కాబట్టి అది ఎలా పుట్టిందో నేను ఉపన్యాసం ఇవ్వడం బాగుండదు. వాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. సినిమా ఉంచారు, ఉపన్యాసం తీసేశారు. ఆయన ఆ ఉత్తరం ఒకసారే చదివాడు.

మొదటి ప్రదర్శన యూనివర్సిటీ ఆడిటోరియంలో, సాయంత్రం. పాత విద్యార్థులు, కొత్త విద్యార్థులు, మెలకువగా ఉండాలని ముందే టీ తాగి వచ్చిన బావమరిది. ఆమె డ్యూటీ నుంచి నేరుగా యూనిఫాంలోనే వచ్చి మధ్య వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. ఫోన్ సీను వచ్చింది. పెట్టెయ్యనా అమ్మా? రెండు దెబ్బలు. ఇక పెట్టెయ్యనా? రెండు దెబ్బలు. కూతురు ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. అంతే, తెర మీదికి స్టేషన్ వచ్చేసింది. హాలులో ఎవరో ఊపిరి బిగబట్టి వదిలారు. అతుకు కనిపించింది, కత్తెర చెప్పినట్టే.

సినిమా అయ్యాక మాస్టారు మైకు పట్టుకుని జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కల్లో చెప్పి, ఆమెని లేచి నిలబడమన్నాడు. ఆమె లేచింది, చప్పట్లు పూర్తికాకముందే కూర్చుంది. జనం పలచబడ్డాక ఆయన బయటికి వస్తే, మెట్ల దగ్గర ఒక్కతే నిలబడి ఉంది.

“ఎక్కడిది కాగితం మీద మా అమ్మ అని రాశాను కదా మాస్టారూ. సగమే రాశాను,” అంది.

ఆయన ఆగాడు.

“నిజంగా జరిగింది మొదటి రెండు దెబ్బల వరకే. పెట్టెయ్యనా అన్నాను. అమ్మ రెండుసార్లు కొట్టింది. నా వెనక నలుగురు వరసలో నిలబడి విసుక్కుంటున్నారు. మర్నాడు పరీక్ష. వచ్చే ఆదివారం చేస్తాలే అమ్మా అని పెట్టేశాను.” ఆమె గొంతు మామూలుగానే ఉంది, డిపోలో షిఫ్టులు చెప్పేటప్పటిలా. “గురువారం కబురొచ్చింది.”

మాస్టారు ఒక మెట్టు దిగి ఆమె పక్కన నిలబడ్డాడు.

“అందుకే రాశాను ఆ సీను. అమ్మ ఎన్నిసార్లు వద్దన్నా అన్నిసార్లూ ఆ పిల్ల ఉంటుంది. ఇందులో ఏమీ జరగడం లేదని రాశారు మీరు. ఆ పిల్ల ఫోన్ పెట్టెయ్యలేదు మాస్టారూ. జరిగింది అదే.”

మాస్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. “నాకు కనిపించలేదమ్మా,” అన్నాడు.